కలివికోడిని చూసినోళ్లు ఎవరు? రాసుకున్నోళ్లు ఎవరు?

ఇది కొంచెం పెద్ద పోస్టే. ఓపికగా చివరిదాకా చదవండి.

అంతరించిపోతున్న జంతువుల ఫోటోలు అంటే మన ఫోన్లకు ఎక్కువగా వచ్చేవి అస్సాం కజిరంగా ఖడ్గమృగాలే. 2022 లెక్కల ప్రకారం అక్కడ 2,613 ఉన్నాయి. జీపులో పోతే పగటిపూటే గడ్డిలో కనబడతాయి. మన రాయలసీమలో అంతకంటే చాలా తక్కువ మిగిలిన ప్రాణి ఒకటుంది. ప్రపంచం మొత్తం మీద 250 లోపే ఉంటాయని అంచనా. దాన్ని ఫోటో తీయడం ఖడ్గమృగాన్ని తీసినంత సులువు కాదు. దాని పేరు కలివికోడి. ఇంగ్లిషు పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్.

జానెడు కంటే కాస్త పెద్ద పిట్ట. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, కంటి మీద తెల్లటి గీత, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ. ఎగరడం తక్కువ, పరిగెత్తడం ఎక్కువ. పగలంతా పొదల కింద ఉండి రాత్రి బయటికొస్తుంది. అందుకే పక్కనే ఉన్నా కనబడదు.

1848లో మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టరుగా పనిచేస్తున్న థామస్ జెర్డాన్ ద్వారా ఈ పక్షి శాస్త్రానికి తెలిసింది. ఆయన పేరే దానికి పెట్టారు. తర్వాత తన పుస్తకంలో జెర్డాన్ దీనికి ఒక తెలుగు పేరు కూడా రాశాడు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన ఆ పేరును చదివితే 'అడవ వుట తిత్తి' లాగా వినబడుతుంది. అంటే అప్పటికే ఎవరో ఒక తెలుగు మనిషి దాన్ని చూసి, పేరు పెట్టి పిలిచి, ఆయనకు చెప్పాడు. ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. కనుక్కున్నది ఒకరు, తెలిసినోళ్లు ఇంకొకరు. ఈ చరిత్ర అట్లనే మొదలైంది.

మన అనంతపురానికీ ఇందులో చోటుంది. 1900లో హోవార్డ్ కాంప్‌బెల్ అనే ఆయన అనంతపురం దగ్గర ఈ పక్షిని చూసినట్టు రికార్డుంది. ఆ తర్వాత 86 ఏళ్లు దాన్ని చూశామని శాస్త్రవేత్తలెవరూ రాయలేదు. 1929–31లో తూర్పు కనుమల్లో జరిగిన వెర్నే సర్వేకు అది దొరకలేదు. పెద్ద పక్షిశాస్త్రవేత్త సలీం అలీ వెతికించినా దొరకలేదు. ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు.

మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పశువుల డాక్టరుగా పనిచేసిన ఒక ఇంగ్లిషాయన సేకరించిన గుడ్డు స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉండిపోయింది. దాదాపు వందేళ్లకు డీఎన్ఏ పరీక్ష చేస్తే అది కలివికోడి గుడ్డేనని తేలింది. కోలార్ మనకు ఎంత దూరం? మన పక్క ఊరి గుడ్డు సముద్రాలు దాటి పెట్టెలో భద్రంగా ఉంది, ఇక్కడేమో పక్షే లేదనుకున్నారు.

1985 ప్రాంతంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చాడు. ఆయన చేసిన తెలివైన పని ఏందంటే, పక్షి బొమ్మ పట్టుకుని ఊళ్లలో జనాన్ని అడిగాడు. రాత్రిపూట లైటుతో పిట్టలు పట్టేవాళ్లను అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు టార్చిలైటు వెలుగులో ఆ పక్షిని చూసి, ప్రాణంతోనే పట్టుకున్నాడు. ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. కానీ కలివికోడి ఉందని లోకానికి తెలిసింది. 1988లో దాని బొమ్మతో పోస్టల్ స్టాంపు వచ్చింది. అది తిరిగే అడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం అయింది.

ఇక ఫోటో సంగతి. దొరికిన తర్వాత కూడా అది కెమెరాకు చిక్కడం కష్టమైంది. 2000 తర్వాత పి. జగనాథన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఒక పద్ధతి తయారుచేశారు. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి పెట్టారు. రాత్రి పక్షి నడిస్తే పొద్దున్నే అడుగులు కనబడతాయి. కలివికోడికి వెనక వేలు ఉండదు, ముందుకు మూడే వేళ్లు. ఆ అడుగులు పడిన చోట, ఏదైనా ఎదురుగా వస్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరా పెట్టారు. అట్ల ఫోటోలు వచ్చాయి. ఆ తర్వాతే దాని కూత కూడా మొదటిసారి రికార్డయింది.

అడుగు చూసి జంతువును గుర్తుపట్టడం మన తాతలకు కొత్తదా? కాదు గదా. కెమెరా కొత్తది. మట్టిలో అడుగు చదివే విద్య పాతది.

పేరు కూడా అంతే. కలివికాయలు మనలో చాలామంది తినే ఉంటారు. ఆ ముళ్లపొదల్లో తిరిగే కోడి కాబట్టి కలివికోడి. ఎక్కడ వెతకాలో పేరులోనే ఉంది. పరిశోధనలో తేలింది కూడా దాదాపు అదే. పొదలు మరీ దట్టంగా ఉన్నా ఉండదు, బయలైపోయినా ఉండదు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలు ఉండి, మధ్యలో ఖాళీ నేల ఉన్నచోటే ఎక్కువగా తిరుగుతుంది. మేకలు, పశువులు మితంగా మేస్తే, కట్టెలు మితంగా కొడితే ఆ ఖాళీ నిలుస్తుంది. మితి మీరితే పొద పోతుంది. కాబట్టి అడవిలోకి పోయే ప్రతి కాపరినీ నేరస్తుడిలా చూడటం సరికాదు. "మేం ఎంత నరికినా ఏం కాదు" అని మనం అనడమూ సరికాదు.

పెద్ద దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. ముళ్లపొదల నేలను కాగితాల మీద బంజరు అంటారు. బంజరు అంటే ఎవరైనా చదును చేసుకోవచ్చు అన్నట్టే. యంత్రాలతో దున్ని తోటలు వేస్తే ఒక్క రోజులో పొదలన్నీ పోతాయి. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కూడా ఈ పక్షి తిరిగే నేల మీదికి వచ్చింది. అభ్యంతరాలు వచ్చాక కాలువ దారి మార్చాల్సి వచ్చింది. కరువు సీమలో పుట్టినోళ్లం, నీళ్లు వద్దని మనం ఎట్ల అంటాం? కానీ పక్షికీ నీళ్లకూ మధ్య ఒకటే ఎంచుకోనక్కర్లేదని, దారి మార్చొచ్చని ఆ కాలువే చూపించింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు కలివికోడి జాడ లేదు. 2025 ఆగస్టులో పక్షి ప్రేమికుల బృందం ఒకటి కడప జిల్లాలో దాని కూత రికార్డు చేసింది. ఫోటో కాదు, కూతే. అయినా ఉంది అన్నమాట.

ఇది విని టార్చి, ఫోన్ పట్టుకుని ఎవరూ అడవికి పోవద్దు. లైటు కొట్టి, కూత వినిపించి వెంటపడితే ఉన్న కొద్ది పక్షులు చోటు వదిలిపోతాయి. ఎక్కడైనా కనబడితే ఆ చోటు ఎవరికీ పంపొద్దు.

మనం చేయగలిగే పని వేరే ఉంది. మన సుగాలి తాండాల్లో, ఎరుకల, యానాది, చెంచు గూడేల్లో ముసలోళ్లకు ఎన్ని పిట్టల పేర్లు తెలుసో అడగండి. ఆ పిట్ట ఏ పొదలో ఉంటది, ఏ కాలంలో కూస్తది, అడుగు ఎట్లుంటదో అడిగి, చెప్పినవాళ్ల పేరుతో సహా రాసి ఈ గ్రూపులో పెట్టండి. జెర్డాన్‌కు చెప్పిన మనిషి పేరు పోయింది. ఐతన్న పేరు మిగిలింది, ఎందుకంటే ఒకరు రాసుకున్నారు. ఇప్పుడు రాయడం వచ్చిన మొదటి తరం మనమే గదా. మన తాతల పేర్లు మనమే రాద్దాం.