రాసిందీ మెషీనే, చెరిపిందీ మెషీనే: మాయమయ్యే రివర్స్ డీఎన్ఎస్ కథ

ఆఫీసులో ఒక విండోస్ సర్వర్. దాని ఐపీ నంబర్ ఇస్తే పేరు చెప్పే రివర్స్ రికార్డు నిన్నటిదాకా ఉంది, ఇవాళ లేదు. సర్వర్ మాత్రం చక్కగా నడుస్తోంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. మరి తీసేసిందెవరు? జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్దాం.

1970ల్లో, ఆర్పానెట్ రోజుల్లో, కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండేవి. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫైన్లర్ టీమ్ దాన్ని చేత్తో అప్‌డేట్ చేసేది. నెట్‌వర్క్ పెరిగింది, ఆ పద్ధతి సరిపోలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్ డిజైన్ చేశారు. నంబర్ నుంచి పేరు వెతకడానికి నంబర్‌ను తిరగేసి రాస్తారు: 192.168.1.25 అయితే 25.1.168.192. దాని చివర 'ఆర్పా' అనే మాట ఇప్పటికీ ఉంటుంది. పాత నెట్‌వర్క్ గుర్తన్నమాట!

అప్పట్లో రికార్డు మనిషి రాసేవాడు, మనిషే చెరిపేవాడు. 1990ల్లో డీహెచ్‌సీపీ వచ్చి అడ్రస్‌లు మారడం మొదలైంది. 1997లో, మెషీన్ తన రికార్డును తానే రాసుకునే పద్ధతికి స్టాండర్డ్ వచ్చింది. విండోస్ 2000 దాన్ని అందుకుంది. కానీ మెషీన్ వెళ్లిపోయినా పేరు మిగిలిపోతుందిగా? అందుకే స్కావెంజింగ్ పెట్టారు, అంటే పాత రికార్డులను ఊడ్చేయడం. మామూలు సెట్టింగ్ 7 రోజులు, ఇంకో 7 రోజులు. ఆ 14 రోజులు దాటినా టైమ్‌స్టాంప్ కొత్తది కాకపోతే, ఆ రికార్డు ఊడ్పుకి సిద్ధం.

ఇప్పుడు మన సర్వర్ దగ్గరికి వద్దాం. విండోస్ మెషీన్ మామూలుగా 24 గంటలకోసారి రికార్డును రిఫ్రెష్ చేస్తుంది. ఆ రికార్డు వేరే అకౌంట్ పేరు మీద ఉంటే, సెక్యూర్ అప్‌డేట్ దాన్ని ఒప్పుకోదు. నెట్‌వర్క్ కార్డులో రిజిస్టర్ టిక్ తీసేసినా అంతే. పేరు నుంచి నంబర్ చెప్పే రికార్డు వేరే జోన్‌లో ఉంటుంది. అక్కడ ఏజింగ్ ఆన్ చేయకపోతే అది పోదు. అందుకే సగమే మాయమవుతుంది.

కాబట్టి ముందు రివర్స్ జోన్‌లో ఏజింగ్ ఆన్‌లో ఉందా, రికార్డుల టైమ్‌స్టాంప్‌లు ఎంత పాతవి, ఓనర్ ఎవరు, ఇవి చూడండి. అడ్రస్ మారని సర్వర్‌కైతే రికార్డును చేత్తో స్టాటిక్‌గా రాయండి. దానికి టైమ్‌స్టాంప్ ఉండదు, ఊడ్పు దాన్ని ముట్టదు.

కోపంలో స్కావెంజింగ్ మొత్తం ఆపేయకండి. అప్పుడు పాత పేర్లు పేరుకుపోతాయి. రేపు ఏదైనా దాడి జరిగితే, లాగ్‌లో అసలు మెషీన్‌కి బదులు ఎప్పుడో వెళ్లిపోయిన మెషీన్ పేరు కనిపిస్తుంది. పేరు లేకపోవడం కంటే తప్పు పేరు ప్రమాదం.

ఇదీ సంగతి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.