ఆటోబాన్ వెనక ఉన్న చేతులు

ఎలక్ట్రానిక్ సంగీత చరిత్ర రాసేవారిలో చాలామంది క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1974లో తెచ్చిన 'ఆటోబాన్' ఆల్బంను యంత్రసంగీతం అక్కడికక్కడే పుట్టిన ఘట్టంగా చెబుతారు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో రాల్ఫ్ హ్యుటర్, ఫ్లోరియన్ ష్నైడర్ సింథసైజర్లు పట్టారు, పాత వాద్యాల కాలం తీరిపోయిందన్నది ఆ కథనం. రికార్డు మొదటినుంచి చివరిదాకా వింటే అది నిలవదు.

1970, 1972, 1973లలో వచ్చిన మొదటి మూడు ఆల్బంలూ ఫ్లూటుతో, టేపు ప్రయోగాలతో నడిచాయి. అక్కడిదాకా పేచీ లేదు. తేల్చవలసింది 1974 సంగతే.

రికార్డు ఒక పక్కనంతా పరుచుకున్న 22 నిమిషాల పైచిలుకు 'ఆటోబాన్' పాటకు మినీమూగ్ సింథసైజర్ వెన్నెముక అన్నది నిజం. కానీ అదే పాటలో ష్నైడర్ ఫ్లూటు ఉంది, గిటారు ఉంది. రెండో పక్క చివర ఉన్న ఉదయపు నడక పాటలోనూ వినిపించేది ఫ్లూటే. వయొలిన్, గిటారు కోసం క్లాస్ రోడర్‌ను చేర్చుకున్నారు. ఎలక్ట్రానిక్ తాళానికి సైతం లోహపు పుల్లలు పట్టి పలకల మీద స్వయంగా కొట్టారు. అన్నిటికీ మించి కోనీ ప్లాంక్ ఉన్నాడు. తొలి ఆల్బంల నుంచీ వీరి ధ్వనిని మలిచిన ఆయన పేరు ఇందులో సౌండ్ ఇంజనీరుగానే కనిపిస్తుంది. నిర్మాతలుగా హ్యుటర్, ష్నైడర్ ఇద్దరి పేర్లే వేసుకున్నారు. స్వరకల్పన ఆ ఇద్దరిదే, కాదనను. అయితే కారు దూసుకుపోతున్నట్టు చెవికి తోచే దూరం, లోతు మిక్సింగ్ బల్ల దగ్గర తయారయ్యేవి. అక్కడ ప్లాంక్ వాటాను ఇంజనీరు అన్న ఒక్క మాటతో సరిపెట్టడం అన్యాయం.

మరి యంత్రసంగీతమన్న ముద్ర ఎలా పడింది? అమెరికాలో పాటను మూడున్నర నిమిషాలకు కుదించి సింగిల్‌గా వదిలారు. అక్కడి చార్టుల్లో అది 25వ స్థానానికి, ఆల్బం 5వ స్థానానికి ఎక్కాయి. 1978లో 'ద మ్యాన్ మెషీన్' అట్టమీద ఎర్రచొక్కాలతో నిలబడ్డాక, రోబో రూపమే వారికి శాశ్వతమైంది. ఆ రూపాన్నే రచయితలు నాలుగేళ్లు వెనక్కి తీసుకెళ్లి ఆటోబాన్‌కు తగిలించారని నా అభిప్రాయం.

బృందం కూడా దాన్ని సరిదిద్దలేదు. 2009లో శుభ్రపరిచి తెచ్చిన ఎనిమిది ఆల్బంల సంపుటి ఆటోబాన్‌తోనే మొదలవుతుంది. మొదటి మూడింటికీ అందులో చోటు లేదు. ధ్వని మెరుగైంది, సంతోషమే. కానీ ఆ మొదటి మూడూ వినని శ్రోతకు ఆటోబాన్‌లోని ఫ్లూటు ఎక్కడినుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది?