డేనుల తీరిక



డెన్మార్కు దేశమునకు నేను పోయిన మొదటి శీతకాలమున ఒక సాయంకాలము నాకు మరపురానిదై యున్నది. నాలుగు గంటలు కాకమునుపే ప్రొద్దు గ్రుంకెను. పనినుండి వచ్చి, ఏమియు తోచక, ప్రక్కయింటి వృద్ధుని తలుపు తట్టితిని. ఆయన తలుపు సగము తెరచి, మర్యాదగనే, "ఏమైన కావలెనా?" అని యడిగెను. ఊరక పలుకరింప వచ్చితినని చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఉప్పు కావలెనని బొంకి, పుచ్చుకొని మరలితిని. మా యింట ఉప్పు రెండు డబ్బాలు నిండుగా నున్నది.

వీరు గర్విష్ఠులని ఆ రాత్రి నిశ్చయించుకొంటిని. పొరపాటు నాదేనని ఆ దేశచరిత్ర కొంత చదివినమీదట తెలిసినది.

మన పల్లెలో రచ్చబండయొద్దకు పోయినవానిని ఎందుకు వచ్చితివని యడుగువారు లేరు. డేనులకును రచ్చబండ కలదు. కాని దానికి నియమావళి, కోశాధికారి, సాలుకింత యని చందా యుండును. దానిని వారు 'ఫొరేనింగ్' అందురు, అనగా సంఘము. పాటకు, కసరత్తునకు, పడవలకు, పావురములు పెంచుటకు సైతము సంఘములు కలవు. ఇల్లు ఇంటివారిది, స్నేహము సంఘములో.

ఈ యలవాటు ఆకాశమునుండి ఊడిపడలేదు. 1849 జూన్ 5వ తేదీని రాజు ఏకాధిపత్యము తొలగి, ముందుగా ఎవరి యనుమతియు లేకుండ సంఘములు పెట్టుకొను హక్కు ప్రజలకు లభించెను. అంతకు అయిదేండ్ల ముందే, 1844లో, గ్రుండ్‌ట్విగ్ అను మతాచార్యుని భావముల ననుసరించి, ర్యోడింగ్ గ్రామమున రైతుబిడ్డలకొక పాఠశాల వెలసెను. శీతకాలమున నేల గడ్డకట్టి సేద్యము నిలిచినపుడు పడుచువాండ్రు అచ్చట చేరి, చరిత్ర వినుచు, పాటలు పాడుచు నుండెడివారు. పరీక్షలు లేవు, పట్టములు లేవు. 1864లో ప్రష్యా ఆస్ట్రియాలతో యుద్ధమున ఓడి, ష్లెస్విగ్, హోల్‌స్టీన్ సీమలను పోగొట్టుకొన్న పిమ్మట ఇట్టి పాఠశాలలు మరింత వ్యాపించెను. తరువాత పరదేశపు ధాన్యము వచ్చిపడి ధరలు పడిపోగా, రైతులు పాడికి దిగిరి. 1882లో యెడ్డింగ్ గ్రామమున సహకార పాలకేంద్రము నెలకొల్పిరి. పాలలెక్కకై సభ తీర్చి, చిట్టా చదివి, చేతులెత్తి తీర్మానించుట నేర్చినవారు ఆటపాటలకును అదే పద్ధతి నవలంబించిరి. ఊరివారు వాటాలు వేసికొని సభామందిరములు కట్టుకొనిరి. నృత్యమును అందే, కసరత్తును అందే, పెండ్లివిందును అందే.

పట్టణముల కథ వేరు. ఇరుకు గదులలో నుండు కార్మికులకై 1884లో ఆల్‌బోర్గ్ నగరమున చిన్నచిన్న తోటమడులు ఏర్పడెను. ఉర్లగడ్డలు కొన్ని, గులాబి పొదయొకటి, కూర్చుండుటకొక కుటీరము, ఇంతే సంపద. 1919లో యజమానులతో ఒడంబడిక కుదిరి ఎనిమిది గంటల పనిదినము వచ్చెను. 1938లో శాసనముచేత ఏటికి రెండు వారముల జీతపు సెలవు లభించెను. నేడు అది అయిదు వారములు. అడిగి, పోరాడి తెచ్చుకొన్న గడియలు గనుక వారు వానిని పైకమువలె లెక్కకు వ్రాసి వ్యయపరతురు. పిలువని యతిథి ఆ లెక్కలో ఇముడడు. ఇది నాకిప్పటికిని కొంత కష్టముగనే యుండును.

మరుసటి మాసమున ఒక గానసంఘమున చందా కట్టి చేరితిని. నాకు రాగము రాదు, వారి భాష అంతకన్న రాదు. మొదటి రాత్రి చివరి వరుసలో నిలువబడగా, నా ప్రక్కను పుస్తకము విప్పి, వ్రేలితో పంక్తి చూపినవాడు ఎవడనుకొంటిరి? ఆ వృద్ధుడే! పాట ముగిసి కాఫీ వచ్చినపుడు, "ఉప్పు అయిపోయినదా?" అని నవ్వెను. అప్పుడు నిజము చెప్పితిని. ఆయన చాలసేపు నవ్వి, జేబులోని దినచర్య పుస్తకము తీసి, తిరుగవేసి, మూడు వారముల పిమ్మట వచ్చు గురువారము ఏడు గంటలకు రమ్మని వ్రాసికొనెను.

ఏడు గంటలకే పోయితిని. తలుపు పూర్తిగా తెరచియుండెను.