పడకపుండు: తక్దీర్ కాదు, తద్బీర్

ఫాలిజ్ వచ్చి మంచానపడ్డ దాదీకో, షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్న నానాకో నడుము కింద పుండు పడితే మన ఇళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, "అల్లాహ్ మర్జీ". రెండోది బహూ వైపు చూస్తూ, "ఖిద్మత్ సరిగ్గా లేదు". ఈ రెండు మాటల వెనకా పెద్ద తారీఖే ఉంది.

19వ శతాబ్దంలో పారిస్‌లో షార్కో అనే మషహూర్ నరాల డాక్టర్ ఉండేవాడు. నరాలు చెడితే చర్మం దానంతటదే కుళ్లుతుందని, పడకపుండు ఆ బీమారీలో భాగమేనని ఆయన ఖయాల్. అంతకుముందే బ్రౌన్-సెకార్ జంతువుల మీద చేసిన తజుర్బాలో వేరే సంగతి తేలింది. వెన్నుపాము తెగినా, ఒత్తిడీ తడీ లేకుండా చూసుకుంటే పుండు పడలేదు. ఆ మాటకు దక్కాల్సిన కద్ర్ దక్కలేదు.

నాజీల జుల్మ్ తప్పించుకుని 1939లో ఇంగ్లండ్ చేరిన యూదు డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, యుద్ధంలో వెన్ను విరిగిన సిపాయిలు ఆయన చేతికొచ్చారు. రాత్రీపగలూ రెండేసి గంటలకోసారి వాళ్లను పక్కకు తిప్పించాడు. ఆ పని ఒక్కరి నెత్తిన పెట్టలేదు, బృందాలకు పంచాడు. ఇక బతకరనుకున్నవాళ్లు చక్రాల కుర్చీల్లో కూర్చుని విల్లు పట్టారు. 1948లో ఆయన మొదలుపెట్టిన ఆ పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి.

పక్కా సబూత్ మాత్రం నర్సుల నుంచి వచ్చింది. 1962లో డోరీన్ నార్టన్, ఆమె సాథీలు ఆసుపత్రుల్లోని వృద్ధుల మీద పరిశోధన అచ్చువేశారు. అప్పటిదాకా వాడుతున్న పూతల కంటే, వేళకు పక్కకు తిప్పడమే పనిచేస్తుందని తేలింది. ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు: ఈ 5 విషయాలకు మార్కులు వేసే కొలతను కూడా ఆమె ఇచ్చింది. మొత్తం 20లో 14 లేదా అంతకంటే తక్కువ వస్తే ఖత్రా ఉన్నట్టే.

గుహలో నిద్రించిన యువకుల్ని కుడివైపుకూ ఎడమవైపుకూ తిప్పిన ప్రస్తావన సూరె కహఫ్‌లో ఉంది. అది చూపించి ఫఖ్ర్ పడటం ఆసాన్. రాత్రి రెండింటికి లేచి అమ్మీని పక్కకు తిప్పడం ముష్కిల్.

చేయాల్సింది ఇదీ. మడమలు, పిరుదుల పైభాగం, తుంటి రోజూ చూడండి. ఎర్రబడిన చోట రుద్దకండి, మాలిష్ చేయకండి. తడి వెంటనే తుడవండి, పక్క మార్చండి. మంచి ఫోమ్ పరుపు ఉంటే ఎన్ని గంటలకోసారి తిప్పాలో డాక్టర్‌నో నర్సునో అడగండి. వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే ఆలస్యం చేయకుండా చూపించండి.

ఇంకో మాట. తిప్పే వంతుల్లో బేటా పేరు కూడా రాయండి. మా-బాప్ ఖిద్మత్ బహూ ఒక్కదాని ఫర్జ్ కాదు.