తెరువక చూచు కన్ను

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో పాతగోడ యొకటి కనబడినచో, “దీని క్రింద బంగారపు బిందె యుండును” అనువారు నేటికిని గలరు. ఈ యొక్క మాట మన దేశమున ఎన్ని పాత గుళ్లను, ఎన్ని పూర్వుల సమాధులను త్రవ్వించినదో లెక్కలేదు.

శామీర్‌పేటకు ఆగ్నేయమున కీసరగుట్ట యున్నది. విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడములు అచ్చటి త్రవ్వకములలో బయల్పడినవి. ఒక బండపై “తొలుచువాన్ఱు” అను చిన్న శాసనము గలదు. రాతిని తొలుచు పనివారని దాని భావము. సుమారు పదునైదు వందల యేండ్ల నాటి మన తెలుగు మాట అది! నిధికొరకు ఎవడైన రాత్రివేళ ఆ బండను పగులగొట్టినచో బంగారము దొరకదు సరికదా, ఆ మాటయు పోవును.

అయితే లోపలనున్నదానిని పగులగొట్టక తెలిసికొనుట యెట్లు? 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్స్-కిరణములు ఇందుకు త్రోవ చూపినవి. 1970లో మృతసముద్రపు తీరముననున్న ఏన్గెదీలో, ప్రాచీన సమాజమందిరపు శిథిలములలో, కాలి బొగ్గయిన గ్రంథపుచుట్ట దొరకెను. ముట్టినచో పొడియగునని ఎవరును దానిని విప్పలేదు. 2015లో ఎక్స్-కిరణములతో చిత్రములు తీసి, కంప్యూటరు సాయముతో పొరలను వేరుచేసి చూడగా, లేవీయకాండపు తొలి యధ్యాయముల యక్షరములు కనబడెను. చుట్ట మాత్రము చుట్టగనే యున్నది.

కొండవంటి కట్టడములకు ఎక్స్-కిరణములు చాలవు. ఆకాశమునుండి ఎడతెగక కురియు మ్యువానులను కణములు రాతిలో చాల దూరము చొచ్చుకొనిపోవును. దట్టమైన రాతిని దాటివచ్చునవి తక్కువ. నడుమ బోలు ఉన్నచో ఎక్కువ వచ్చును. డిటెక్టరు నుంచి వాటిని లెక్కించుటయే పని. లూయీ ఆల్వరెజ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఐగుప్తులోని ఖఫ్రే పిరమిడును ఇట్లు పరీక్షించి, చూచిన భాగములో రహస్యపు గది లేదని 1970లో ప్రకటించెను. 2017లో వేరొక బృందమువారు ఈ యుపాయముననే ఖుఫూ పిరమిడులో కనీసము 30 మీటర్ల పొడవుగల బోలును కనుగొనిరి.

ఇట్టి సేవలో మన హైదరాబాదునకును పాలుగలదు. పూరీ జగన్నాథాలయపు రత్నభాండారమును 2024 జూలైలో తెరచినప్పుడు, అందు సొరంగములు, గుప్తమైన గదులు గలవని జనులు చెప్పుకొనిరి. పురావస్తుశాఖవారు ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థను పిలిపించిరి. ఆ శాస్త్రజ్ఞులు సెప్టెంబరులో రాడారు యంత్రముతో నేలను, గోడలను శోధించిరి. అది రేడియో తరంగములను లోనికి పంపును. రాయి మారినచోట, ఖాళీ యున్నచోట అవి తిరిగివచ్చును. వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి లోతు తెలియును. రహస్యపు గది యేదియు లేదని తేలెను. బీటలను బాగుచేయు పని తరువాత జరిగినది.

చదువరీ, “లేదు” అను ఈ జవాబును తేలికగా ఎంచకుము. నిధి యున్నదను వదంతి గోడను కూల్చును. లేదను నిజము గోడను నిలుపును. అయినను యంత్రము చేతబట్టిన వాని మనస్సును యంత్రము మార్చజాలదు. లోహమును పసిగట్టు డిటెక్టరు పురావస్తు పరిశోధకుని చేతను ఉండును, దొంగ చేతను ఉండును.

కావున మీ పొలములో నాగటికి పాతకుండ తగిలినను, నాణెము తగిలినను, త్రవ్వుట ఆపుడి. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. దొరికిన వస్తువు ఎంత లోతున, దేని ప్రక్కన నుండెనో అదియే దాని చరిత్ర. దానిని కదల్చక చూడగలవారు మనకు సమీపముననే యున్నారు. వారు వచ్చువరకు ఓపికపట్టుడి.