అంశము లేనివారు



మా యింట ఒక పాత ఇనుపపెట్టె గలదు. అందులో మా తాతగారి కాలపు పారిఖత్తు మడతలయొద్ద చినిగి యున్నది. అన్నదమ్ములు ఆస్తి పంచుకొని వేరుపడునప్పుడు వ్రాసికొను పత్రమునకు మా ప్రాంతమున ఆ పేరు. గన్నవరమునకు సమీపముననున్న మా గ్రామమున, కరణముగారి యరుగుమీద, 1926వ సంవత్సరమున అది వ్రాయబడినది. అన్నదమ్ములు మువ్వురు, పత్రమునందు భాగములు మాత్రము రెండు. పెద్దవారికి ఇంత మాగాణి, మా తాతగారికి ఇంత మాగాణి. ఇల్లు చెరిసగము, బావి ఉమ్మడి. మూడవవారి పేరు కడపటి పంక్తులలో వచ్చును. ఆయనకు అన్నలిరువురును యావజ్జీవము అన్నవస్త్రములు జరుపవలెనని వ్రాసినారు. మనోవర్తి పైకము సయితము లేదు, అన్నవస్త్రములే. ఆ మూడవవారు మా చిన్నతాతగారు. ఆయన పుట్టుగ్రుడ్డి.

ఆ పత్రము వ్రాసినవారు దుర్మార్గులు కారని ముందుగా మనవిచేయుచున్నాను. ఆయనను ఒక్క పూట పస్తుంచినవారు గాని, పరుషముగా నొకమాట యన్నవారు గాని మా యింట లేరు. నేను బాల్యమున అమరకోశము వల్లించినది ఆయనయొద్దనే. నేను తప్పు పలికినచో నోటితో చెప్పక చేతికఱ్ఱతో నేలపై తట్టెడివారు. ఎక్కడ తప్పినానో నేనే వెదకికొనవలెను. అట్టి పండితుని ఇంటి వ్యవహారమున సలహా యడిగినవారు మాత్రము లేరు. ఆయన యెదుటనే నిలువబడి, "ఆయనకు అన్నం పెట్టారా?" అని మఱియొకరి నడిగెడివారు. తిన్నావా యని ఆయననే యడుగవచ్చునని మాకెవ్వరికిని తోచలేదు.

ఆ మూడు పంక్తుల వెనుక నున్నది రెండువేల యేండ్ల చరిత్ర. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున దాయభాగము చెప్పుచు, తండ్రిసొత్తులో అంశము లేనివారి పట్టిక యొకటి యిచ్చినారు. నపుంసకుడు, పతితుడు, పుట్టుగ్రుడ్డి, పుట్టుచెవిటి, ఉన్మత్తుడు, జడుడు, మూగ, ఇంద్రియలోపము గల యితరులు అందున్నారు. ఆ వెంటనే, వీరికి శక్తికొలది కూడుగుడ్డ లీయవలెను, ఈయనివాడు పతితుడగునని శాసనము. యాజ్ఞవల్క్యుడు కుంటివానిని, మానని రోగము గలవానిని చేర్చి, మొత్తము వారికి రెండు విశేషణములు వేసినాడు: భర్తవ్యులు, నిరంశకులు. అనగా పోషింపదగినవారు, వాటా లేనివారు. కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి దెచ్చెను. తెలుగుదేశమున అన్నదమ్ముల తగవులకు మితాక్షరయే తుదిమాట. మా యూరి కరణముగారు దానిని చదివియుండరు. ఆయనకు చదువవలసిన పనియు లేదు. అది గాలిలో నున్నది.

వ్యాఖ్యాతకు దయ లేదనరాదు. పంపకమునకు ముందున్న లోపమే వాటాకు అడ్డు. పంపకమైన పిదప వచ్చిన లోపము ఉన్న వాటాను పోగొట్టదు. వైద్యముచేత లోపము నయమైనచో, పంపకము జరిగిపోయినను, తరువాత పుట్టిన కొడుకునకువలెనే వానికి వాటా తీసి యీయవలెను. లోపములేని కుమారులకు భాగమున్నది. కుమార్తెలకు వివాహమువఱకు పోషణ యున్నది. స్త్రీలకును ఇదే నియమము. ఇంత జాగ్రత్తగా నాలోచించినవాడు అసలు ప్రశ్నను ఏల దాటిపోయెనో నాకు నేటికిని తెగని ముడి.

అసలు ప్రశ్న యేమనగా, కన్ను లేనిచో పొలమేల లేకపోవలెను? దీనికి సంప్రదాయమిచ్చు సమాధానము మీమాంసనుండి వచ్చినది. యజ్ఞమున ఆజ్యమును చూడవలెను, గ్రుడ్డివాడు చూడలేడు. విష్ణుక్రమములని కొన్ని అడుగులు వేయవలెను, కుంటివాడు వేయలేడు. మంత్రము వినవలెను, చెవిటివాడు వినలేడు. కావున వీరికి యజ్ఞాధికారము లేదు. ధనము యజ్ఞముకొఱకే కావున ధనమును లేదు. వినుటకు బాగుగనే యున్నది. కాని విజ్ఞానేశ్వరుడే, భర్త సొత్తులో విధవకు గల హక్కును సమర్థించునప్పుడు, ధనమంతయు యజ్ఞముకొఱకే యను వాదమును గట్టిగా ఖండించినాడు. కారణము కూలినది, కార్యము మాత్రము నిలిచినది! పాఠశాలలో ఈ రెండు ఘట్టములను వేర్వేరు దినములలో చదివితిని. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు నాకు ముప్పదియేండ్లు పట్టినది.

భారతము నెఱిగినవారికి ధృతరాష్ట్రుని కథ చెప్పనక్కఱలేదు. పెద్దవాడయ్యు కన్నులు లేమి రాజ్యము తమ్మునికి బోయెను. ఉద్యోగపర్వమున నొక ఘట్టము మాత్రము మనవారు తఱచుగా తలపోయరు. దుర్యోధనునకు బుద్ధిచెప్పుచు ధృతరాష్ట్రుడే తన వంశపు పాతకథ నొకదానిని వినిపించును. ప్రతీపుని పెద్దకొడుకు దేవాపి ధర్మాత్ముడు, ప్రజలకు ప్రియుడు; కాని యాతనికి చర్మవ్యాధి. అభిషేకమునకు సర్వము సిద్ధమైన పిదప, అంగవైకల్యము గల రాజును దేవతలు మెచ్చరని బ్రాహ్మణులును వృద్ధులును అడ్డుపడిరి. తండ్రి కన్నీరు కార్చెను, కుమారుడు అడవికి బోయెను. అటులనే నాకును రాజ్యము లేకపోయె నని ఆ గ్రుడ్డిరాజు కొడుకుతో చెప్పుకొనును. తన్ను త్రోసివేసిన న్యాయమును తానే ప్రమాణముగా చూపుచున్నాడు! అన్యాయము ఎంత లోతునకు దిగినదో తెలియుటకు, అది అనుభవించినవాని నోట ధర్మముగా పలికిన ఈ మాటలే చాలును. మా చిన్నతాతగారును తన పారిఖత్తును గూర్చి, "శాస్త్రం అంతేగదరా" అనెడివారు.

ఆంగ్లేయుల న్యాయస్థానములు ఈ నియమమును త్రోసివేయలేదు గాని సందు ఇఱుకు చేసినవి. గ్రుడ్డితనము పుట్టుకతో వచ్చినదైననే అడ్డు. కుష్ఠు మిక్కిలి తీవ్రమైనదైననే అడ్డు. ఇరువదవయేట చూపు పోయినవానికి భాగమున్నది, పుట్టుగ్రుడ్డికి లేదు. ఇట్లు వ్యాజ్యము పొలము గట్టునుండి ఉయ్యాలతొట్టియొద్దకు పోయినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనపిదప కాలువనీరు పాఱిన చేలకు విలువ పెరిగినది. వాటా లేకపోవుట యనిన మా డెల్టాలో చిన్నమాట కాదు.

1928వ సంవత్సరమున 12వ నంబరు చట్టముగా హిందూ వారసత్వపు అనర్హతల తొలగింపు చట్టము వచ్చినది. రోగము, వైకల్యము, అవయవలోపము కారణముగా ఎవరికిని వారసత్వము గాని ఉమ్మడి యాస్తిలో భాగము గాని పోరాదని దాని సారము. అందు మూడు తలుపులు మూసియే యుంచినారు. పుట్టుకతో మతిలేనివారికి అది వర్తింపదు. అంతకుముందు ఇతరులకు సంక్రమించిన హక్కులను అది కదలింపదు. దేవాలయములలోని ధార్మికపదవులలో అది క్రొత్తహక్కు నీయదు. మొదటి తలుపు 1956 హిందూ వారసత్వ చట్టపు 28వ విభాగముతో తెరచుకొన్నది. మూడవదానిని గూర్చి నేనెఱిగినది ఇంతమాత్రము. ఆగమము సాంతముగా వచ్చి, ఒక చేయి చచ్చుబడిన అర్చకపుత్రు నొకనిని చిన్ననాట ఎఱుగుదును. తమ్ముడు గర్భాలయమున మంత్రము తడుముకొనుచుండగా, ఆయన వంటశాలనుండి అందించుచుండెడివాడు.

రెండవ తలుపు మా యింటిదే. రెండేండ్లు ముందుగా వ్రాసిన పారిఖత్తు కదలలేదు. బెజవాడలో వకీలుగా నుండిన బంధువొకరు వచ్చి ఈ చట్టము సంగతి చెప్పగా, మా తాతగారు, "మనకు వర్తించదుగా" అని స్థిమితపడిరట. అరుగుచివర కూర్చున్న చిన్నతాతగారు, "ఏది అన్నయ్యా వర్తించనిది?" అని యడిగిరట. ఎవరును బదులు చెప్పలేదని మా తండ్రిగారు చెప్పిరి. అప్పటికి ఆయన చిన్నపిల్లవాడు.

తెలుగుదేశమంతట నిట్లే జరిగెననుకొనరాదు. 1919లో విజయనగరమున మహారాజా విజయరామ గజపతి సంగీత పాఠశాల స్థాపించెను. ఆయన కొలువులోని చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అంధుడు, సంగీతాసక్తుడు. ఆ బాలునికొఱకు యోచింపగా పుట్టిన పాఠశాల యది. కూడుగుడ్డలకు నెలకింతయని యేర్పాటుచేసి యూరకుండుట మహారాజునకు సులభమే. ఆయన విద్యలో వాటా యిచ్చినాడు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి యధ్యక్షులు. ఫిడేలు నేర్పుటకు వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారికి చూపు మందము. 1936లో ఆయనయే అధ్యక్షులైరి. మన గుడివాడ ప్రక్కనున్న చౌటపల్లి ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అక్కడ చదివినవారే. ఒక అంధబాలునికొఱకు తెరచిన తలుపుగుండ ఎవరెవరు లోనికి పోయిరో చూడుడు.

నేనును పారిఖత్తు వ్రాసినవాడనే. ఉద్యోగమున నున్న కాలమున, నా తరగతిలో పోలియోచేత రెండుకాళ్లు చచ్చుబడిన బాలుడొకడు చదివెను. (2014లో మన దేశము పోలియోలేనిదని ప్రకటింపబడినది, ఆ కాళ్లతో పెరిగినవారు ఇంకను మన మధ్య నున్నారు.) ఒకయేడు పిల్లలను బస్సులో ఎక్కించుకొని బ్యారేజి దాటి ఉండవల్లి గుహలకు తీసికొనిపోతిని. ఆ బాలుడు మెట్లెక్కలేడని నేనే నిశ్చయించి, పేరు చేర్చలేదు. వానిని అడుగను లేదు. సాయంకాలము మిగిలిన పులిహోర పొట్లముగట్టి వానియింటికి పంపి, మంచిపని చేసితినని తృప్తిపడితిని. మఱునాడు వాడు, "మాస్టారూ, లోపల పడుకున్న విష్ణుమూర్తి ఎంత పొడవుంటాడండీ?" అని యడిగెను. చూచివచ్చిన నేను తడబడితిని. "నేనైతే జానలతో కొలిచేవాణ్ణండీ. పులిహోర బాగుందండీ" అని కూర్చుండెను. ఆ తరగతికే చెవిటివాని ముందు శంఖము, గ్రుడ్డెద్దు చేనబడుట, కుంటిసాకు మొదలగు జాతీయములను సొంతవాక్యములలో ప్రయోగింపుడని పరీక్షలో నిచ్చెడివాడను. నాడు వాడు ఏమి వ్రాసెనో చూచి మార్కులు వేసితిని. ఏమి వ్రాసెనో నేడు గుర్తులేదు.

పేరులు మార్చుటలో మనము చురుకైనవారము. వికలాంగులు పోయి విభిన్న ప్రతిభావంతులు వచ్చిరి. చట్టములును పెరిగినవి: 1995 చట్టము ఏడు వైకల్యములను గుర్తింపగా, 2016 చట్టము ఇరువదియొక్కటింటిని గుర్తించినది, ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడుగా నున్న వాటా నాలుగైనది. ఐనను బందరు ప్రక్కనున్న సీతారామపురమున పుట్టిన శ్రీకాంత్ బొల్ల, పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్న పిదప, అంధుడవు కావున సైన్సు చదువరాదనిపించుకొనెను. న్యాయస్థానమున కెక్కి ఆ విద్య సాధించి, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు పోయి చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదున పరిశ్రమ పెట్టి, వైకల్యము గలవారికి అందు పని కల్పించినాడు. 2024లో ఆయన కథ చలనచిత్రముగా వచ్చినప్పుడు మా వీధివారు కన్నీరు పెట్టుకొని చూచిరి. ఆ వీధిలోనే, కాలు లేనివానికి ఇల్లు అద్దెకిచ్చుటకు వెనుకాడినవారున్నారు. వానికి పండుగనాడు బూరెలు పంపినవారును వారే.

చిన్నతాతగారిని గూర్చి ఒక్కమాట చెప్పి ముగించెదను. నాకు ఏడేండ్లుండును. ఊడ్పుల కాలము. తన్ను పొలమునకు తీసికొనిపొమ్మని ఆయన నన్నడిగిరి. చేయిపట్టుకొని కాలువగట్టున నడిపించితిని. "మన చెక్క మొదలు ఇదేనట్రా?" యని యడిగి, చెప్పులు విడిచి, గట్టుపై అడుగులు లెక్కించుచు నడచిరి. నేను వెంట నడచుచుంటిని. దూరమునుండి మా తండ్రిగారు, "బాబాయిని ఎందుకు తీసుకొచ్చావురా, పడిపోతాడు!" అని కేకవేసిరి. ఆయన ఆగలేదు. చివరకుపోయి, "నూట పన్నెండు" అనిరి. "మా నాన్నతో నడిచినప్పుడు రెండువందల పైచిలుకు వచ్చింది. అప్పుడు నావి నీ పాటి కాళ్లు." కాసేపు అక్కడనే నిలువబడి, చెప్పులు తెమ్మనిరి. మేము ఇల్లు చేరునప్పటికి విస్తరి వేసి యున్నది.