కడలిలోని యేఱు



కడలిలోను నదులు గలవనిన నాశ్చర్యము తోపవచ్చును. అమెరికా తూర్పుతీరము వెంబడి యుత్తరమునకు బోయి, పిదప అట్లాంటిక్ మహాసముద్రము నడుమకు మరలు గల్ఫుస్ట్రీము అట్టిది. దానికి గట్టులు లేవు. ఇరుప్రక్కల నీరే గట్టు. దాని వెచ్చని నీరు పైభాగమున గంటకు 7 కిలోమీటర్ల వేగము నందుకొనును. 1513లో స్పెయినుదేశపు నావికుడు పోన్స్ డి లియోన్, గాలి యనుకూలముగా నున్నను దన యోడలు వెనుకకు బోవుట గని దీనిని గుర్తించెను.

1768లో, ఇంగ్లండునుండి న్యూయార్కునకు వచ్చు టపాయోడలు వర్తకపుటోడలకంటె రెండు వారము లాలస్యముగా వచ్చుచున్నవేల యను ప్రశ్న బెంజమిన్ ఫ్రాంక్లిను నెదుటికి వచ్చెను. ఆయన అప్పుడు వలసరాజ్యముల టపాశాఖ కధికారి. నాంటకెట్ ద్వీపవాసియు, నావికుడునైన తన బంధువు తిమోతి ఫోల్జరు నడిగెను. తిమింగలముల వేటాడువారికి ఆ ప్రవాహపు టంచులు కరతలామలకములు. ఎదురు పోవలదు, అడ్డముగా దాటుడని వారు టపాయోడలవారికి జెప్పియేయుండిరి. వేటగాండ్ర మాట యని వీరు పెడచెవిని బెట్టిరి. ఫోల్జరు చూపిన త్రోవను ఫ్రాంక్లిను పటముగా నచ్చొత్తించెను.

పటము త్రోవ జూపును గాని లోతు జూపదు. ఓడలపై బోయి కొలుచుటకు వ్యయము మెండు. శీతకాలపు గాలివానలలో నిలుచుట కష్టము. ఉపగ్రహము పైపొరను మాత్రమే చూచును. 1989లో హెన్రీ స్టోమెల్ అను సముద్రశాస్త్రవేత్త, తాను 2021లో నున్నట్లు భావించుకొని, మనుష్యులు లేని చిన్న యంత్రములు కడలి యంతయు దిరిగి కొలతలు పంపుచున్నవని యొక కల్పనావ్యాసము వ్రాసెను. ఆ యంత్రపుటూహ డగ్లస్ వెబ్ అను నిర్మాతది. అదియే గ్లైడరు.

దీనికి దెరచాప లేదు, నీటిని ద్రోయు చక్రము లేదు. లోని పంపు నూనెను వెలుపలి తిత్తిలోనికి నెట్టగా, బరువు మారకయే పరిమాణము పెరిగి యంత్రము పైకి దేలును. నూనె లోనికి మరలగా మునుగును. రెక్క లుండుటచే నిట్టనిలువున గాక యేటవాలుగా ముందుకు జారును. వేయి మీటర్ల లోతువరకు బోయి, నీటి వేడిమిని, ఉప్పదనమును గొలిచి, పైకి వచ్చి ఉపగ్రహముద్వారా తెలుపును. నడక మాత్రము గంటకు సుమారొక కిలోమీటరే.

ఇట్టిది 7 కిలోమీటర్ల ప్రవాహముతో నెట్లు పోరును? పోరదు. వరదయేటిని దాటు పడవవలె అడ్డముగా బోవుచు దిగువకు గొట్టుకొనిపోవును. చేరవలసిన తావునకును, నిజముగా దేలిన తావునకును గల దూరమునుబట్టియే ప్రవాహవేగమును లెక్కగట్టుదురు. దాని బలహీనతయే కొలబద్ద యైనది!

2004లో స్ప్రే యను గ్లైడరు నాంటకెట్ ద్వీపమునకు దక్షిణమున బయలుదేరి, బెర్ముడావైపు సాగి, నీటిలోపలనే గల్ఫుస్ట్రీమును దాటిన మొదటి గ్లైడరయ్యెను. ఈ ప్రవాహము ఉష్ణమండలపు వేడిమి నుత్తరమునకు మోయును. తుపానుల బలమునకును, చేపల సంచారమునకును దీనితో సంబంధము గలదు. కావున దీని లోపలి నడక నెరుంగుట వినోదము గాదు, అవసరము.

నాకు ముచ్చట గొలుపున దొకటి. రెండువందల యేండ్లకు బైగా గడచిన పిదప, ఆ ద్వీపపు వేటగాండ్రు చెప్పిన అడ్డత్రోవయే శాస్త్రజ్ఞుల యంత్రమునకును బనికివచ్చినది.